గల్లీలో తెరుచుకోని తలుపు

ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో గోవిందరాజులు గర్వంగా చెప్పుకునేది ఒక్కటే. ఆయన రాసిన స్పెసిఫికేషన్‌కి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. చెత్త బళ్ళు, నీళ్ళ ట్యాంకర్లు, జెనరేటర్లు, ఏది కొనాలన్నా అది ఎలా ఉండాలో ముందు ఆయనే కాగితం మీద పెట్టేవాడు. బోల్టు ఎంత లావుండాలి, రంగు ఎన్ని పూతలు వెయ్యాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, అన్నీ. ఢిల్లీ పొలిమేరలో ఉన్న ఆ పారిశ్రామిక టౌన్‌షిప్ సంస్థలో మెకానికల్ విభాగానికి ఆయనే పెద్ద. "రాజు సాబ్‌నే లిఖ్ దియా, బస్" అనేవాళ్ళు ప్యూన్ల దగ్గర్నుంచి పై అధికార్ల దాకా, రాజుగారు రాశారంటే ఇంక తిరుగులేదని. ఆ మాట విన్నప్పుడు మొహమాటంగా చెయ్యూపేవాడు గానీ లోపల ఎంత సంబరమో ఆయన భార్య జానకమ్మకి తెలుసు. ఇంటికొచ్చి రెండోసారి కాఫీ అడిగాడంటే ఆ రోజు ఎవరో ఆ మాట అన్నారన్నమాట.

ఇంక అయిదు నెలల్లో రిటైరవుతాడు. ఆ సోమవారం జనక్‌పురి నుంచి ఆఫీసు బస్సులో బయల్దేరి, ధౌలా కువాన్ దగ్గర ముప్పావుగంట ఇరుక్కుని, పదిన్నరకి సీట్లో కూచునేసరికి బల్ల మీద రెండు కాగితాలున్నాయి. రెండింటికీ శుక్రవారమే గడువు.

మొదటిది ఎప్పుడూ ఉండేదే. కొత్తగా ఆరు ఫైరింజన్లు కొంటున్నారు. పైపులూ పనిముట్లూ పెట్టుకునే పక్క అరలకి ఏ తలుపులు పెట్టించాలో తేల్చి చెప్పాలి. పాత బళ్ళకున్నట్టు మడతబందుల మీద బయటికి తెరుచుకునే రెక్క తలుపులా, దుకాణం షట్టరులా పైకి చుట్టుకుపోయే అల్యూమినియం తలుపులా?

రెండోదాన్ని ఆయన రెండుసార్లు చదివాడు. పోయిన నెల ఛోటీ నగ్లా గల్లీలో కుషన్లు కుట్టే కార్ఖానా తగలబడింది. ఇద్దరికి చేతులు కాలాయి. ఫైరింజను వచ్చింది గానీ గల్లీ మొగలోనే ఆగిపోయింది. నిమిషన్నర పాటు మనుషులు బండి చుట్టూ తిరుగుతూ తలుపులు తీసి సామాను దింపుకుంటూ ఉంటే, ఎవరో మేడమీంచి ఫోన్లో వీడియో తీశారు. అది ఊరంతా చూసింది. ఆ రోజు బండి సిబ్బందికి పెద్దగా ఉన్న లీడింగ్ ఫైర్‌మన్ జీవరత్నం మీద విచారణ మొదలైంది. కావాలని ఆలస్యం చేశాడని అభియోగం. రుజువైతే ఉద్యోగం పోతుంది. విచారణాధికారి సెహ్రావత్ సాంకేతిక విభాగాన్ని అడిగింది ఒక్క ముక్కే. అరల్లో సామాను సిబ్బందికి అందుబాటులో ఉందా లేదా, ఒక పేజీలో రాసివ్వండి.

ఇందులో ఆలోచించడానికేముంది? ఆ బళ్ళ స్పెసిఫికేషన్ రాసింది ఆయనే. తయారైన బళ్ళని కంపెనీ యార్డుకి వెళ్ళి ఒక్కో తలుపూ స్వయంగా తెరిచి చూసి, కాగితం మీద టిక్కులు పెట్టింది కూడా ఆయనే. కంపెనీవాళ్ళు వేడివేడి కచోరీలు పెట్టిన సంగతి కూడా గుర్తుంది. కలం తీసి రాశాడు: "తలుపులు పూర్తిగా తెరుచుకుంటాయి. సామాను అన్నివేళలా అందుబాటులో ఉంటుంది." సంతకం చెయ్యబోతుండగా క్రాంతి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

క్రాంతి హైదరాబాదు పిల్ల. విభాగంలో చేరి రెండేళ్ళయింది. ఎవరూ అడగకుండా పనిచేస్తుందని ఆయనకి ఇష్టం, ఎవరూ అడగకుండా అభిప్రాయం చెబుతుందని చిరాకు.

"సార్, ఈ తలుపుల ముచ్చట ఒకసారి చూస్తరా? షట్టరైతే బయటికి జాగా అడగది. నిలువున పైకి పోతది. రెక్క తలుపుకి ఇరవయ్యెనిమిది ఇంచులు కావాలె."

"కావాలి. ఉంటుంది కదా?"

"యార్డుల ఉంటది సార్. గల్లీల ఉండది కద."

"ఈ ఊరి దుమ్ము సంగతి తెలుసా నీకు? షట్టరు పట్టాల్లో దుమ్ము చేరిందంటే నీ నిలువున పోయేది మధ్యలోనే ఆగిపోతుంది. రెక్క తలుపు వంగితే ఏ వెల్డరైనా సుత్తి పెట్టి సరిచేస్తాడు. పదకొండేళ్ళుగా నడుస్తున్నాయి బళ్ళు. ఒక్కడైనా కంప్లైంటిచ్చాడా?"

క్రాంతి బల్ల మీద ఉన్న రెండో కాగితం వైపు చూసింది. ఆయన దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. సంతకం మాత్రం చెయ్యలేదు. శుక్రవారం దాకా టైముంది కదా అనుకున్నాడు. అసలు సంగతి ఏమిటంటే, షట్టర్లు కావాలని ఒక కాగితం మీదా, పాత తలుపులు భేషుగ్గా ఉన్నాయని ఇంకో కాగితం మీదా ఒకే మనిషి సంతకం చెయ్యలేడు. అందుకని ఆయనకి రెక్క తలుపులే మంచివి కావాలి. అవి మంచివైతే జీవరత్నం చెడ్డవాడు కావాలి. ఆ లెక్క ఆయన అప్పటికింకా మనసులో కూడా అంత విడమర్చి చెప్పుకోలేదు.

*

మంగళవారం ఒక కంపెనీ షట్టర్లున్న నమూనా బండిని ఫైర్ స్టేషనుకి పంపింది. గోవిందరాజులూ క్రాంతీ వెళ్ళేసరికి యార్డు నిండా చలికాలపు ఎండ పరుచుకుని ఉంది. ఒక పక్కన పొడుగాటి మనిషి ఒక్కడే తడి పైపుల్ని ఎండలో పరుస్తున్నాడు. యాభై దాటి ఉంటాయి. పైపుని భుజం మీదుగా ఎత్తి, అడుగు అడుగూ జారవిడుస్తూ, లోపల నిలిచిన నీళ్ళని చివరికి తోసుకుంటూ పోతున్నాడు. ఎంత నిదానంగా చేస్తున్నాడంటే, చూస్తున్నవాళ్ళకి అదే పని మళ్ళీ చూడాలనిపిస్తుంది.

"ఆయనే సార్ జీవరత్నం. బండి డ్యూటీకి పోవద్దన్నరు. ఈ పనికేసిండ్రు" అంది క్రాంతి మెల్లిగా.

కంపెనీ మనిషి షట్టరు కింద ఉన్న కడ్డీ పట్టుకుని ఒక్క వేలితో పైకి తోశాడు. సర్రుమని వెళ్ళిపోయింది. మళ్ళీ దింపాడు. మళ్ళీ ఎత్తాడు. చుట్టూ చేరిన ఫైర్‌మన్లు "వాహ్" అన్నారు. క్రాంతి కళ్ళల్లో మెరుపు చూసి గోవిందరాజులుకి ఒళ్ళు మండింది.

"ఏవయ్యా, ఇలా రా" అని పిలిచాడు జీవరత్నాన్ని. తెలుగులో పిలిచేసరికి అక్కడున్నవాళ్ళంతా అటు చూశారు. "ఎయిర్‌ఫోర్సులో కూడా ఈ పనే చేశావటగా? ఈ షట్టరు మీద నీ అభిప్రాయం ఏంటి?"

"ఆయ్, చెబుతానండి" అంటూ జీవరత్నం చేతులు తుడుచుకుని వచ్చాడు. నరసాపురం మాట ఇరవయ్యేళ్ళ ఢిల్లీలో కూడా చెక్కుచెదరలేదు. ఎత్తి చూశాడు, దింపి చూశాడు. తర్వాత వంగి నేల మీద దుమ్ము గుప్పెడు తీసి షట్టరు జారే పట్టాలో పోశాడు. కంపెనీ మనిషి "అరే, అరే" అన్నాడు. జీవరత్నం పైపులోంచి కారుతున్న నీళ్ళు దోసెడు పట్టి దాని మీద చిలకరించి, "ఒక అరగంట ఆగండి సార్, ఎండనివ్వండి" అని తన పైపుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అరగంట తర్వాత కంపెనీ మనిషి రెండు చేతులతో తోశాడు. షట్టరు జానెడు లేచి బిగుసుకుపోయింది.

"చూశావా?" అన్నాడు గోవిందరాజులు క్రాంతితో, చిన్నపిల్లాడి సంబరంతో.

"ఇంకోటుందండి" అన్నాడు జీవరత్నం. "బండి కుదుపుకి లోపల పెట్టె ఏదైనా జారి దీనికి ఆనుకుందంటే ఇది లెగదు. రెక్క తలుపైతే లాగితే వచ్చేస్తది. పైగా తలుపు లోపలి వైపు కొక్కేలు కొట్టుకుని పనిముట్లు తగిలించుకోవచ్చు. పైకి లేచే రకమైతే వానొస్తే దానికింద నిలబడచ్చు. రెక్క తలుపుల్లో మంచి చాలా ఉందండి."

గోవిందరాజులు ఆశ్చర్యపోయాడు. ఈ మనిషి తన నెత్తిన తానే రాయి వేసుకుంటున్నాడు. రెక్క తలుపు మంచిదని రాసిస్తే పోయేది ఇతని ఉద్యోగమే కదా!

"మరి ఆ రోజు గల్లీ మొగలో ఎందుకు ఆపావయ్యా?"

జీవరత్నం షట్టరు పట్టాలో మట్టిని గోటితో తీసెయ్యడం మొదలుపెట్టాడు.

"ఈ షట్టరు వారానికోసారి కడిగితే ఆడుద్దండి. కడగడం మా చేతుల్లో ఉంది. ఆ రెక్క తలుపు గల్లీలో తెరుచుకోదు. గల్లీని ఎడల్పు చెయ్యడం మా చేతుల్లో లేదు కదండీ. అందుకని లోనికెళ్ళక ముందే, మొగలోనే అన్నీ తీసి ఒళ్ళో పెట్టుకుని పోతాం. పదకొండేళ్ళ నుంచీ అంతే."

"సిబ్బంది అందరూ అలాగే చేస్తారా?"

"ఆయ్. కుర్రోళ్ళు దానికి పేరు కూడా పెట్టారు. ముఁహ్ దిఖాయీ అంటారండి. కొత్త కోడలు గడపలో ముసుగు తీసి మొహం చూపిస్తది చూడండీ, అలాగ ఇంట్లోకెళ్ళే ముందే అన్నీ చూపించెయ్యాలని." నవ్వబోయి ఆగిపోయాడు. "ఎంక్వైరీలో ఒకడు ఆ మాటే అనేశాడు. వేళాకోళం చేస్తున్నారా అని దానికి వేరే తిట్లు తిన్నాం."

గోవిందరాజులు ఏదో అడగబోయాడు గానీ జీవరత్నమే మళ్ళీ అన్నాడు. "ఉద్యోగం సంగతి అలా ఉంచండి సార్. మా పాప స్తుతి కాలేజీ గ్రూపులో ఎవరో ఆ వీడియో పెట్టారంట. 'మీ డాడీ చాయ్ తాగుతున్నాడా అక్కడ' అని. పాప వారం నుంచి నాతో సరిగ్గా మాట్టాడ్డం లేదు. అదేనండి నాకు." పైపుల వైపు కదిలి, వెనక్కి తిరిగాడు. "నా జవాబులో రాశానండి, ఆ బళ్ళ ఫైలు తెప్పించి చూడమని. రికార్డు సెక్షనోళ్ళు ఫైలు మీ దగ్గరుందన్నారంట."

"ఏముంది దాంట్లో?"

"చూడండి సార్" అన్నాడు జీవరత్నం. పైపు మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

*

బుధవారం పొద్దున గల్లీకి వెళ్దామన్నది క్రాంతి. సరే చూద్దాం పద, ఈ పిల్ల నోరు మూయిస్తే గానీ లాభం లేదు అనుకుని గోవిందరాజులు పాత ఫైరింజనులో ముందు సీటెక్కాడు. ఇన్నేళ్ళలో ఆయన ఫైరింజను ఎక్కడం అదే మొదటిసారి. యార్డులో వాటి చుట్టూ తిరిగాడు, కింద దూరాడు, టేపు పెట్టి కొలిచాడు, ఎక్కి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. జీవరత్నం వెనక సీట్లో కూచున్నాడు. దేన్నీ ముట్టుకోకూడదని ఆర్డరు కాబట్టి చేతులు కట్టుకుని ఉన్నాడు.

ఛోటీ నగ్లా మొగలో డ్రైవరు అలవాటు కొద్దీ బ్రేకు మీద కాలు వేశాడు.

"ఆపద్దు. లోపలికి పోనియ్" అన్నాడు గోవిందరాజులు.

బండి గల్లీలోకి దూరింది. రెండు పక్కలా మోటారు సైకిళ్ళు, మెట్లు, ఎవరిదో గ్యాసు సిలిండరు, తలమీద వైర్లు. మనుషులు గోడలకి అతుక్కుని దారిచ్చారు. ఒక అద్దం మడవాల్సి వచ్చింది. వందగజాలు పోయాక నల్లగా మసిబారిన గోడ ముందు బండి ఆగింది. అదే కార్ఖానా. కిటికీ ఉండాల్సిన చోట రేకు కొట్టి ఉంది.

ఆయన దిగబోతే ముందు దిగడానికే దారి లేదు. తలుపు సగం తెరిచి, పొట్ట లోపలికి పీల్చుకుని, గోడకి వీపు రాసుకుంటూ నేల మీద కాలు పెట్టాడు. చొక్కా వెనక అంతా మసి. అడ్డంగా అడుగులు వేస్తూ మొదటి అర దగ్గరికి చేరాడు. గొళ్ళెం తిప్పాడు. తలుపు లాగాడు. నాలుగు వేళ్ళ మేర తెరుచుకుని గోడకి కొట్టుకుంది. మళ్ళీ లాగాడు. మళ్ళీ కొట్టుకుంది.

ఆ సందులోంచి చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా వెళ్ళింది. వేళ్ళకి చల్లగా ఇత్తడి తగిలింది. నీళ్ళు చిమ్మే బ్రాంచి పైపు. ఆ పైపు మూతి ఇత్తడిదే ఉండాలని రాసింది తనే. పట్టుకున్నాడు గానీ బయటికి తియ్యడానికి లేదు. రెండో అరా అంతే, మూడోదీ అంతే. చలికాలంలో ఆయనకి చెమట పట్టింది. టేపు పట్టుకుని వెనకే వచ్చిన క్రాంతి కొలత చెప్పబోయి, ఆయన మొహం చూసి కాగితం మీద రాసుకుంది.

ఎదురింటి మెట్ల మీద ఒక ఆడమనిషి కూచుని ఉంది. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది. "అబ్ క్యా దేఖ్‌నే ఆయే హో?" అంది. ఇప్పుడేం చూడ్డానికొచ్చారని అడగడమే, ఆ మాటలో కోపం కూడా లేదు. తర్వాత బండిలో కూచున్న జీవరత్నాన్ని చూసి, గుర్తుపట్టి, గడ్డంతో అటు చూపిస్తూ గోవిందరాజులుతో చెప్పింది, ఆ రోజు లోపలికొచ్చి తనని ఎత్తుకుని బయటికి తెచ్చింది ఆ అంకులేనని. వీడియో తీసినవాళ్ళు మొగలో ఉన్నంతసేపే తీశారు, పొగలోకి వచ్చి తియ్యలేదు అని కూడా అంది.

తిరిగి మొగలోకి వచ్చాక బండిలో వచ్చిన మిగతా ఫైర్‌మన్లు తమ పద్ధతిలో చేసి చూపించారు. బండి ఆగడం, తలుపులన్నీ ఒకేసారి తెరవడం, రెండు పైపులు ఒళ్ళో, బ్రాంచి పైపు చంకలో, గాలి సిలిండర్లు వీపుకి, తలుపులు దబదబా మూసి, మళ్ళీ బండెక్కి గల్లీ లోపలికి. క్రాంతి ఫోన్లో టైము చూసింది. ఎనభై సెకన్లు. మొగలో ఆపకుండా తిన్నగా వెళ్ళి, సామాను కోసం బండిని మళ్ళీ వెనక్కి తెచ్చి ఉంటే, క్రాంతి లెక్కన ఆరు నిమిషాల పైమాట.

ఆఫీసుకి రాగానే గోవిందరాజులు తన గదిలో ఇనప బీరువా తెరిచాడు. దాని తాళంచెవి ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. పాత బళ్ళ ఫైలు కింది అరలో, తాడు కట్టి, దుమ్ము పట్టి ఉంది. ఆకుపచ్చ నోట్‌షీట్లు ఒక్కొక్కటే తిప్పాడు. ఇరవై మూడో పేజీలో ఒక ఉత్తరం. బళ్ళొచ్చిన ఏడాదే, వానాకాలంలో రాసింది. హిందీలో చేత్తో రాసి ఉంది. గల్లీల్లో పక్క తలుపులు తెరుచుకోవడం లేదు, దయచేసి ఒకసారి వచ్చి చూడండి. అంతే, నాలుగు వరసలు. కింద పదకొండు సంతకాలు. పది హిందీలో. పదకొండోది తెలుగులో, గుండ్రంగా, బడిపిల్లాడు రాసినట్టు: ఎల్. జీవరత్నం.

ఉత్తరానికి ఎదురుగా నోట్‌షీటు మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు. "చూశాను. తలుపులు నిబంధనల ప్రకారమే ఉన్నాయి, సిబ్బందికి తలుపులు తెరవడంలో శిక్షణ అవసరం." దానికింద తోక తిప్పిన సంతకం. తనదే.

చూశాడట. ఏం చూశాడు? కాగితం చూశాడు. ఆ ఢిల్లీలో, అన్ని హిందీ అక్షరాల మధ్య ఒక తెలుగు సంతకం కనిపిస్తే, ఎవరా అని కూడా అడగలేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ ఉత్తరం చదివినట్టు గుర్తుకు రాలేదు. అది ఆయనకి అన్నిటికంటే సిగ్గనిపించింది.

*

ఆ సాయంత్రం జానకమ్మ సోఫాలో కూచుని బఠాణీలు వలుస్తోంది. ఆయన చొక్కా వెనక మసి చూసి ఏం జరిగిందని అడిగింది. ఆయన చెప్పాడు. చెబుతూ చెబుతూ తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడేం చేస్తారు?"

"ఏముంది? ఫైలు దొరకలేదంటే అయిపోతుంది. తలుపులు గల్లీల్లో తెరుచుకోవని రాసిస్తాను, అది నిజమే కదా. ఆ పేజీ సంగతి ఎందుకు? అయిదు నెలల్లో పోయేవాణ్ణి. చివర్లో మెమో ఇచ్చారనుకో, ముప్ఫై మూడేళ్ళ పేరు..."

"ఆ ఫైర్‌మన్‌కివ్వలేదూ మెమో?"

ఆయన ఇంకో కాయ తీసుకుని వలిచాడు.

"మీరేం రాసినా ఇంటికొచ్చి నాకు చదివి వినిపించేవారు" అంది జానకమ్మ. "నీళ్ళ ట్యాంకరు మూత గురించి కూడా గంటసేపు చెప్పారు, నేను పప్పు మాడబెట్టుకున్నాను. ఈ ఒక్కటీ వినిపించలేదేం?"

"రెండు వాక్యాలేనే. రాసి పడేసి ఉంటాను."

"అవునవును, రాసి పడేశారు" అంది ఆవిడ, ఖాళీ తొక్కలు ఆయన చేతిలోంచి తీసుకుంటూ. ఆ పూట ఆయన రెండో కాఫీ అడగలేదు.

*

శుక్రవారం విచారణ గదిలో నలుగురే ఉన్నారు. బల్లకి అటు సెహ్రావత్, ఇటు గోవిందరాజులు, క్రాంతి, కాస్త ఎడంగా ఇనప కుర్చీ అంచున జీవరత్నం. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకుని వచ్చాడు. గోవిందరాజులు ఒళ్ళో గోనెరంగు ఫైలు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టలేదు.

సెహ్రావత్ మంచివాడే. రిటైరు కాబోయేవాళ్ళంటే గౌరవం ఉన్నవాడు. గోవిందరాజులు ఇచ్చిన పేజీ చదివాడు. గల్లీ వెడల్పు, బండి వెడల్పు, తలుపు రెక్క పొడవు, క్రాంతి తీసిన కొలతలు, ఎనభై సెకన్లు, ఆరు నిమిషాలు, అన్నీ ఉన్నాయి.

"బహుత్ అచ్ఛా రాజు సాబ్. అయితే కావాలని ఆలస్యం చేశాడన్నది నిలబడదు" అన్నాడు. జీవరత్నం తలెత్తాడు. "కానీ ఇంకొకటుంది. పదకొండేళ్ళుగా తలుపులు తెరుచుకోవని తెలిసి, పైవాళ్ళకి చెప్పకుండా తమలో తాము ఏదో పద్ధతి పెట్టుకున్నారు. అది తప్పే కదా? చెప్పి ఉంటే ఎప్పుడో సరిచేసేవాళ్ళం. ఉద్యోగం తియ్యను. ర్యాంకు ఒకటి తగ్గించి వదిలేస్తాను. ఫైలు చూడమన్నాడు గానీ అది రికార్డు సెక్షన్లో లేదు, మీ దగ్గరా దొరకలేదనుకుంటాను. అంతేనా?"

ఆ ప్రశ్న అడిగింది గోవిందరాజుల్నే. ఠీక్ హై అంటే చాలు. ఉద్యోగం పోదు, పింఛను పోదు, ఎవరికీ పెద్ద నష్టం లేదు. గది బయట ప్యూన్ టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. జీవరత్నం ఆయన వైపు చూడలేదు. తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఇంట్లో ఆ స్తుతి అనే పిల్లకి ఇతను ఏమని చెబుతాడు? ర్యాంకు తగ్గించారు, అంటే తప్పు చేశానన్నమాట అనా?

"దొరికింది" అన్నాడు గోవిందరాజులు.

ఫైలు బల్ల మీద పెట్టి, తాడు విప్పి, ఇరవై మూడో పేజీ తీసి సెహ్రావత్ వైపు తిప్పాడు.

"చెప్పారు. రాసి చెప్పారు. పదకొండు మంది సంతకాలు పెట్టి చెప్పారు. చివరి సంతకం జీవరత్నంగారిది."

సెహ్రావత్ ఉత్తరం చదివి, ఎదురుగా ఉన్న నోటు చదివి, సంతకం దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"రాజు సాబ్, ఇది మీ..."

"నాదే."

"ఈ పేజీ లేకపోయినా నేను ఏదో ఒకటి..." గొంతు తగ్గించాడు. "ఇది రికార్డులో చేరితే మీకు మెమో ఇవ్వక తప్పదు నాకు. అయిదు నెలలే కదా మీకు?"

"ఇవ్వండి సార్. చూశానని రాశాను. వెళ్ళి చూడలేదు. మొన్న బుధవారం చూశాను."

సెహ్రావత్ కలం తీశాడు. తన నిర్ణయం రాసుకున్నాడు. నేరం రుజువు కాలేదు, లీడింగ్ ఫైర్‌మన్‌ని వెంటనే బండి మీదికి పంపాలి, సాంకేతిక విభాగాధిపతి వివరణ ఇవ్వాలి. జీవరత్నం లేచి సెల్యూట్ చేశాడు.

మధ్యాహ్నం మొదటి కాగితం మీద కూడా సంతకం పెట్టేశాడు గోవిందరాజులు. పక్క అరలకి షట్టర్లు, పట్టాలు ఊడదీసి కడుక్కునేలా, పెట్టెలు జారకుండా లోపల అడ్డుపట్టీలు. వెనక అరకి మాత్రం పైకి లేచే రెక్క తలుపు, వానొస్తే దాని కింద నిలబడ్డానికి. చివర ఆయన తన చేత్తో ఒక షరతు చేర్చాడు. కొత్త బళ్ళని యార్డులో కాదు, ఛోటీ నగ్లా గల్లీలో తెరిచి చూడాలి. దాని మీద ముందు ఫైర్‌మన్ల సంతకాలుండాలి, తర్వాతే తమ విభాగానిది.

"సార్, యార్డుల పెట్టే కచోరీలు పోయినయి ఇగ" అంది క్రాంతి. ఆయనకి నవ్వొచ్చింది. నవ్వాక మెమో జ్ఞాపకం వచ్చింది. రేపు ప్యూన్ల దగ్గర్నుంచి అందరూ చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

సాయంత్రం బస్సెక్కే ముందు ఫైర్ స్టేషను మీదుగా వెళ్ళాడు. జీవరత్నం అప్పటికే బండి పక్కన ఉన్నాడు. పాత తలుపుల గొళ్ళాలకి నూనె వేస్తూ, ఒక్కొక్కటీ తెరిచి మూసి చూస్తున్నాడు. కొత్తవి వచ్చేదాకా ఇవే కదా. ఆయన్ని చూసి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పాపకి ఫోన్ చేశారా?" అని అడిగాడు గోవిందరాజులు.

"చేశానండి. ఏడ్చింది. ఆదివారం చర్చికి నాతోనే వస్తానంది." అని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గోవిందరాజులు అడగాలని ఉన్నది ఆఖరికి అడిగేశాడు.

"మంగళవారం ఇక్కడే నిలబడి అంతసేపు మాట్లాడుకున్నాం. అప్పుడు మీకొచ్చిన జవాబు నేను రాసిందేనని మీకు తెలుసు. 'నువ్వే కదయ్యా రాసింది' అని నా మొహం మీద ఎందుకు చెప్పలేదండీ?"

జీవరత్నం ఆలోచించాడు. ఎత్తిపొడుపు కాదు, కోపం లేదు. అడిగినదానికి సరైన జవాబు వెతుకుతున్నట్టే ఆలోచించి చెప్పాడు.

"చెప్పాను కదండీ, ఉత్తరంలో. పదకొండేళ్ళయింది."

గొళ్ళెంలో ఇంకో చుక్క నూనె వేసి, తలుపు మూసి, పక్క అరకి వెళ్ళాడు. గోవిందరాజులు ఆ తలుపు గొళ్ళెం తిప్పి తెరిచి చూశాడు. యార్డులో అది పూర్తిగా తెరుచుకుంది.